నగరం కలుపుకునే భూమి: కౌంటీతో పన్ను వాటా, ఖర్చు వాటా ఎలా తేల్చాలి?

ప్రశ్న: కాలువగట్టు

కాలిఫోర్నియాలో ఒక నగరం తన సరిహద్దును ఆనుకుని ఉన్న 180 ఎకరాల అన్‌ఇన్‌కార్పొరేటెడ్ (ఏ నగరంలోనూ లేని, నేరుగా కౌంటీ కింద ఉన్న) భూమిని కలుపుకోవడానికి దరఖాస్తు తయారుచేస్తోంది. అంకెలు లెక్కకు వీలుగా గుండ్రం చేసి ఇస్తున్నాను.

ఇప్పటి అసెస్డ్ విలువ (పన్ను కోసం కట్టిన ఆస్తి విలువ) 4 కోట్ల డాలర్లు. రోడ్డు వెంట ఉన్న దుకాణాల సముదాయంలో ఏటా 3 కోట్ల డాలర్ల మేర పన్ను పడే అమ్మకాలు జరుగుతున్నాయి. మిగతా ఖాళీ భూమిలో 600 ఇళ్లు లేస్తే పదేళ్లలో మొత్తం విలువ 34 కోట్లకు చేరుతుందని అంచనా. 1 శాతం ప్రాపర్టీ ట్యాక్స్‌లో ప్రతి డాలరుకు కౌంటీ జనరల్ ఫండ్‌కు 22 సెంట్లు, ఫైర్ డిస్ట్రిక్ట్‌కు 10 సెంట్లు వెళ్తున్నాయి.

కౌంటీ మాట: ఇప్పుడు మాకొస్తున్న ప్రాపర్టీ ట్యాక్స్ మాకే ఉండాలి, సేల్స్ ట్యాక్స్‌లో సగం ఇవ్వాలి. నగరం మాట: పోలీసు, రోడ్లు, పార్కులు అన్నీ మా నెత్తిన పడ్డాక ఆదాయం మీకెందుకు? లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ ఖర్చు నిజంగా చేతులు మారుతుంది, సంతకాలయ్యాక గొడవలు ఎక్కడ పుడతాయి? వేరే రాష్ట్రాల పద్ధతులు తెలిసినవాళ్లు కూడా చెప్పండి.

జవాబు 1: ఆడిటర్‌బల్ల

ముందు వరస చూడండి, ఎందుకంటే గడువులు దాన్నిబట్టే ఉంటాయి. రెవెన్యూ అండ్ ట్యాక్సేషన్ కోడ్ సెక్షన్ 99 ప్రకారం నగరం, కౌంటీ రెండూ పన్ను మార్పిడికి ఒప్పుకుంటూ తీర్మానాలు చేసేదాకా లాఫ్‌కో (సరిహద్దు మార్పులను ఆమోదించే స్థానిక కమిషన్) అధికారి దరఖాస్తుకు సర్టిఫికెట్ ఆఫ్ ఫైలింగ్, అంటే విచారణకు స్వీకరించినట్టు పత్రం, ఇవ్వకూడదు. లాఫ్‌కో నుంచి నోటీసు వెళ్లాక ఆస్తి విలువ కట్టే కౌంటీ అసెస్సర్ 30 రోజుల్లో ఆ ప్రాంతం ఏయే ట్యాక్స్ రేట్ ఏరియాల్లో (ఒకే పన్ను వాటాలు వర్తించే ప్రాంతాల్లో) ఉందో, విలువ ఎంతో కౌంటీ ఆడిటర్‌కు ఇవ్వాలి. నోటీసు వెళ్లిన 45 రోజుల్లోగా ఆ పన్నులో ఎవరి వాటా ఎంతో ఆడిటర్ అందరికీ తెలియజేయాలి. ఆ అంకె చేతికొచ్చాకే బేరం మొదలు. ఇలాంటి విలీనాలు తరచూ ఉండే చోట నగరం, కౌంటీ ముందే ఒక మాస్టర్ ఒప్పందం రాసుకుంటాయి. మీ దగ్గర అలాంటి పాతది ఏదైనా అమల్లో ఉందేమో మొదట వెతకండి. ఉంటే ఈ బేరంలో సగం దానితోనే తేలిపోతుంది.

స్కూళ్ల వాటా ఈ మార్పిడిలోకి రాదు. ఫైర్ డిస్ట్రిక్ట్ లాంటి స్పెషల్ డిస్ట్రిక్టుల (ఒక్కో సేవకు విడిగా ఉండే స్థానిక సంస్థల) తరఫున బేరమాడేది కౌంటీ బోర్డే. ఆ డిస్ట్రిక్ట్ వాళ్లకు ముందుగా చెప్పి, వాళ్ల మాట వినాలి. అంతవరకే.

ఇక లెక్క. ఇప్పటి పన్ను 4 లక్షలు. అందులో కౌంటీకి 88,000, ఫైర్ డిస్ట్రిక్ట్‌కు 40,000. దీన్ని బేస్ అంటారు. పదో ఏటికి విలువ 30 కోట్లు పెరిగితే దానిమీద పన్ను 30 లక్షలు. అందులో కౌంటీ 22 సెంట్ల వంతున 6,60,000. దీన్ని ఇంక్రిమెంట్ అంటారు. బేస్ మొత్తం కౌంటీకి వదిలేసి ఇంక్రిమెంట్‌లో 40 శాతం నగరం తీసుకున్నా పదో ఏట నగరానికి 2,64,000 వస్తుంది. అదే 40 శాతాన్ని కేవలం బేస్ మీద వేస్తే వచ్చేది 35,200. బేస్ కోసం ఆరు నెలలు పోట్లాడే నగరాలున్నాయి. ఇంక్రిమెంట్ శాతం మీద ఆ పట్టు పట్టడం లాభం. ఖాళీ భూమి విషయంలో ఇది మరీ నిజం. ప్రాపర్టీ ట్యాక్స్‌కు హద్దు పెట్టిన ప్రాపొజిషన్ 13 వల్ల చేతులు మారని ఆస్తి విలువ ఏటా 2 శాతానికి మించి పెరగదు. మీ దుకాణాల సముదాయం అమ్ముడుపోకపోతే అక్కడ పెరుగుదల నత్తనడకే. కొత్త ఇళ్లకు మాత్రం కట్టినప్పుడే పూర్తి విలువ పడుతుంది.

జాగ్రత్త పడాల్సిన చోట్లు రెండు. మీరిచ్చిన 22 సెంట్లు ఎరాఫ్ (స్కూళ్ల నిధికి పోయే కోత) మినహాయించిన అంకెనా, మినహాయించక ముందుదా? 1992-93, 1993-94లలో రాష్ట్రం స్థానిక సంస్థల ప్రాపర్టీ ట్యాక్స్‌లో కొంత స్కూళ్ల నిధికి మళ్లించింది. ఆ కోత ఇప్పటికీ నడుస్తోంది. మినహాయించక ముందు అంకె మీద శాతాలు రాసుకుంటే చేతికొచ్చేసరికి ఎవరి లెక్కా కుదరదు. ఆడిటర్‌ను ఏ అంకె ఇచ్చారో రాతపూర్వకంగా అడగండి.

రెండోది ఫైర్ డిస్ట్రిక్ట్. ఈ భూమి ఆ డిస్ట్రిక్ట్ నుంచి విడిపోయి నగర ఫైర్ డిపార్ట్‌మెంట్ కిందికి వస్తేనే ఆ 10 సెంట్లు బేరంలోకి వస్తాయి. డిస్ట్రిక్ట్‌లోనే ఉంటే వాటిని ముట్టుకోవద్దు. విడిపోతే డిస్ట్రిక్ట్ పాత పెన్షన్ బకాయిలో ఈ ప్రాంతం వంతు ఎవరు కడతారో ఆ రోజే రాసుకోవాలి.

ఇంకొకటి, తేదీ. సరిహద్దు మార్పు కాగితాలు రాష్ట్ర పన్ను సంస్థ అయిన బోర్డ్ ఆఫ్ ఈక్వలైజేషన్‌కు డిసెంబర్ 1లోపు చేరకపోతే వచ్చే ఏడాది ట్యాక్స్ రోల్‌లో (పన్ను పడే ఆస్తుల జాబితాలో) ఆ మార్పు ఎక్కదు. అక్టోబర్‌లో లాఫ్‌కో ఆమోదం తెచ్చుకుని, మ్యాపు సర్వేయర్ దగ్గర ఆగిపోయి, ఏడాది ఆదాయం పోగొట్టుకోవడం సులువు. సేవల బాధ్యత మాత్రం విలీనం అమల్లోకి వచ్చిన రోజునుంచే నగరానిది.

జవాబు 2: రసీదుపుస్తకం

నేను సేల్స్ ట్యాక్స్ గురించే చెబుతాను.

బ్రాడ్లీ-బర్న్స్ అనే రాష్ట్ర చట్టం కింద వసూలయ్యే స్థానిక సేల్స్ ట్యాక్స్ 1.25 శాతం. అందులో 0.25 కౌంటీ స్థాయి రవాణా నిధికి పోతుంది. మిగతా 1 శాతం దుకాణం ఏ పరిధిలో ఉంటే ఆ పరిధికి. అంటే విలీనం రోజున 3 లక్షల డాలర్లు కౌంటీ ఖాతాలోంచి నగరం ఖాతాలోకి దూకుతాయి. పైగా ఆన్‌లైన్ కొనుగోళ్ల యూజ్ ట్యాక్స్‌లో (బయటినుంచి కొన్నవాటిపై సేల్స్ ట్యాక్స్‌కు బదులు పడేది) చాలాభాగం కౌంటీవ్యాప్త పూల్, అంటే ఉమ్మడి నిధి, ద్వారా, ఎవరి పరిధిలో ఎంత అమ్మకం జరిగిందో ఆ నిష్పత్తిలో పంచుతారు. దుకాణం మారితే పూల్ వాటా కూడా కొంత మారుతుంది. కౌంటీకి ఇది ప్రాపర్టీ ట్యాక్స్ కన్నా పెద్ద దెబ్బ, కాబట్టి సగం అడగడంలో వింతేమీ లేదు.

అయితే సగం ఇవ్వడం మేలా, ఇప్పుడున్న 3 లక్షలు స్థిరంగా ఇవ్వడం మేలా అన్నది అమ్మకాల తీరును బట్టి మారుతుంది. ఇవాళ్టి అమ్మకాల మీద సగం అంటే లక్షన్నర, స్థిరం అంటే 3 లక్షలు. అమ్మకాలు రెట్టింపై 6 కోట్లకు చేరితే రెండూ 3 లక్షల దగ్గర కలుస్తాయి. అంతకుమించి పెరిగితే స్థిరమే నగరానికి చౌక. పడిపోతేనో? అమ్మకాలు 2 కోట్లకు జారితే వచ్చే పన్ను 2 లక్షలు. సగం పద్ధతిలో లక్ష ఇస్తారు. స్థిరం పద్ధతిలో వచ్చిన 2 లక్షలూ ఇచ్చి, జేబులోంచి ఇంకో లక్ష వేయాలి. స్థిర మొత్తానికి ఒప్పుకునేవాళ్లు "ఆ ప్రాంతంలో వసూలైన దానికి మించి చెల్లించనక్కర్లేదు" అనే వాక్యం లేకుండా సంతకం పెట్టకూడదు. ఒక పెద్ద స్టోర్ మూతపడితే చాలు, అది వాడుకలోకి వస్తుంది.

ఓట్ల విషయం. నగరం, కౌంటీ మధ్య సేల్స్ ట్యాక్స్ పంపకానికి రాష్ట్ర రాజ్యాంగం 13వ ఆర్టికల్ 29వ సెక్షన్ వర్తిస్తుంది. 1998లో ప్రాపొజిషన్ 11 వచ్చాక ప్రజల ఓటు అక్కర్లేదు గానీ రెండు పాలక మండళ్లలోనూ మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. ఐదుగురి కౌన్సిల్‌లో 3-2 చాలదు, 4 కావాలి. బోర్డులోనూ అంతే. ప్రాపర్టీ ట్యాక్స్ మార్పిడి, సేల్స్ ట్యాక్స్ పంపకం ఒకే కాగితంలో పెట్టి మామూలు మెజారిటీతో నెగ్గించేస్తే తర్వాత చిక్కే.

ఒప్పందంలో "సేల్స్ ట్యాక్స్" అంటే ఏమిటో నిర్వచించకుండా వదిలేయడం అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు. నగరానికి ఓటర్లు ఆమోదించిన అదనపు అరశాతం పన్ను ఉందనుకోండి, లేదా మూడేళ్ల తర్వాత వస్తుందనుకోండి. దాంట్లో కౌంటీకి వాటా ఉందా? "బ్రాడ్లీ-బర్న్స్ 1 శాతం మాత్రమే" అని రాయండి. పూల్ వాటా చేరుతుందో లేదో కూడా రాయండి.

దుకాణం వారీ పన్ను వివరాలు చట్టప్రకారం రహస్యం. తీర్మానం ద్వారా అధికారం ఇచ్చిన వ్యక్తులే చూడగలరు. మీ ప్రాంతంలో ఒకే ఒక పెద్ద స్టోర్ ఉంటే మొత్తం అంకె బయటపెట్టినా దాని అమ్మకాలు బయటపెట్టినట్టే. కౌంటీ ఎలా తనిఖీ చేసుకుంటుందో, ఎవరు చూస్తారో రాసుకోకపోతే మొదటి చెల్లింపు దగ్గరే అనుమానాలు మొదలవుతాయి.

విలీనమయ్యాక మొదటి రెండు మూడు త్రైమాసికాలు నగరం తన జాబితాను పేరుపేరునా చూసుకోవాలి. పన్ను శాఖ దగ్గర దుకాణం పర్మిట్ మీద పరిధి కోడ్ మారకపోతే డబ్బు పాతచోటికే పోతూ ఉంటుంది. మెయిన్ రోడ్డు దుకాణాల చిరునామాలు పక్కపక్కనే ఉన్నా పర్మిట్లు వేర్వేరు పేర్లమీద ఉంటాయి, ఒకటి రెండు తప్పకుండా జారిపోతాయి.

జవాబు 3: నాలుగురోడ్లు

పై ఇద్దరూ ఆదాయం చెప్పారు. ఖర్చు వైపు తప్పు ఎక్కువగా జరిగేది సగటు ఖర్చుతో లెక్క కట్టడంలో.

జైలు, డిస్ట్రిక్ట్ అటార్నీ, ప్రొబేషన్, ప్రజారోగ్యం, సంక్షేమం, ఎన్నికలు, ఆస్తుల అసెస్‌మెంట్: ఇవి నగరంలో ఉన్నవాళ్లకీ బయట ఉన్నవాళ్లకీ కౌంటీయే చేస్తుంది. విలీనంతో ఒక్క సెంటు తగ్గదు. 600 ఇళ్లు వస్తే పెరుగుతుంది కూడా. కౌంటీ ఇంక్రిమెంట్‌లో వాటా అడగడానికి ఉన్న బలమైన కారణం ఇదే, నగరం వైపు కూర్చున్నవాళ్లు దీన్ని కొట్టిపారేస్తే బేరం ముందుకు సాగదు.

గస్తీ, రోడ్లు, బిల్డింగ్ పర్మిట్లు, పార్కులు, జంతు నియంత్రణ నగరానికి మారతాయి. కానీ నగరానికి పెరిగినంత కౌంటీకి తగ్గదు. ఏడాది పొడవునా రాత్రీపగలూ ఒక గస్తీ పోస్టు నడపాలంటే 8,760 గంటలు. సెలవులు, శిక్షణ, కోర్టు హాజరు పోగా ఒక డెప్యూటీ (కౌంటీ పోలీసు అధిపతి షెరీఫ్ కింద పనిచేసే అధికారి) ఏటా సుమారు 1,750 గంటలు రోడ్డు మీద ఉంటాడనుకుంటే ఒక్క పోస్టుకు ఐదుగురు కావాలి. 180 ఎకరాలు పోయినంత మాత్రాన ఆ ఐదుగురిలో ఒక్కరు కూడా తగ్గరు. నగరం వైపు చూస్తే ఇంటికి ముగ్గురి చొప్పున 1,800 మంది, వెయ్యికి 1.2 ఆఫీసర్ల ప్రమాణం పెట్టుకుంటే ఇద్దరికి పైగా కొత్త ఆఫీసర్లు. జీతంతో ఆగకండి. పెన్షన్, కారు, రేడియో, డిస్పాచ్, బాధ్యత బీమా కలపండి. పైగా ఇళ్లు ఇంకా కట్టకముందే దుకాణాల దగ్గర దొంగతనం కాల్స్ మొదటిరోజు నుంచే వస్తాయి.

నగరం షెరీఫ్‌తో కాంట్రాక్ట్ పెట్టుకుని ఉంటే ఒక వెసులుబాటు ఉంది. 1954లో లేక్‌వుడ్ నగరం మొదలుపెట్టిన ఈ పద్ధతికి తర్వాత గవర్నమెంట్ కోడ్ 51350 హద్దు గీసింది. సేవకు అయిన ఖర్చు వసూలు చేయొచ్చు. కౌంటీ ప్రభుత్వం నడవడానికి ఎటూ అయ్యే సాధారణ ఓవర్‌హెడ్‌ను నగరం బిల్లులో కలపకూడదు. బిల్లు వచ్చినప్పుడు ఓవర్‌హెడ్ లైను విడగొట్టి అడగండి.

రోడ్ల దగ్గర ఓపికగా కూర్చోండి. పటంలో సరిహద్దు గీత రోడ్డు మధ్యగా పోతుంటే ఒప్పుకోవద్దు. ఉత్తరం వైపు యాక్సిడెంట్ నగర పోలీసుది, దక్షిణం వైపుది షెరీఫ్‌ది అవుతుంది. తారు వేసేటప్పుడు ఒకరు సగం వేసి ఆగుతారు, మధ్య అతుకులో నీళ్లు దిగి రెండేళ్లలో రెండు సగాలూ పగులుతాయి. రోడ్డు పూర్తి వెడల్పు ఎవరో ఒకరికే ఇవ్వాలి. సిగ్నల్ ఉన్న కూడలి అయితే చేతుల లెక్కన పంచుకోవడం అలవాటు: నాలుగు చేతుల్లో ఒకటి కౌంటీది అయితే నిర్వహణలో 25 శాతం దానిది. కరెంటు బిల్లు, ఏటా తనిఖీ, కారు గుద్ది పడిపోయిన స్తంభం మార్చడం, మూడూ అందులో చేరాయా లేదా అని స్పష్టంగా రాయండి. మూడోది చాలామంది మరిచిపోతారు.

సంతకానికి ముందే పేవ్‌మెంట్ సర్వే చేయించండి. 0 నుంచి 100 దాకా ఉండే పీసీఐ (రోడ్డు ఉపరితలం ఎంత బాగుందో చెప్పే) అంకె వీధివారీగా తీయించి, ఉదాహరణకు 60కి దిగువన ఉన్నవాటికి కౌంటీ ఓవర్‌లే (పైన కొత్త తారు పొర) వేసి ఇవ్వాలి, లేదా ఆ ఖర్చు నగదుగా ఇవ్వాలి అని పెట్టండి. సరిహద్దు మారబోతోందని తెలిసిన రోడ్డు మీద ఎవరూ తారు పోయరు మరి.

చివరిగా, కొత్త ఇళ్ల సేవల ఖర్చుకు మెల్లో-రూస్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతం వరకే ప్రత్యేక పన్ను వేసే ఏర్పాటు) ఆలోచిస్తుంటే ఆలస్యం చేయకండి. ఆ ప్రాంతంలో నమోదైన ఓటర్లు 12 మందికన్నా తక్కువ ఉన్నంతకాలం భూమి యజమానులు ఎకరానికి ఒక ఓటు చొప్పున తేల్చేస్తారు. జనం దిగాక అదే పన్నుకు ఓటర్లలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి.

జవాబు 4: ఎర్రమట్టి

జార్జియా రాష్ట్రంలో ఈ బేరాన్ని చట్టమే తప్పనిసరి చేసింది. 1997 నాటి సర్వీస్ డెలివరీ చట్టం ప్రకారం ప్రతి కౌంటీ, దానిలోని నగరాలు ఏ సేవ ఎవరు చేస్తారో, డబ్బు ఎక్కడినుంచో రాసి ఆమోదించుకోవాలి. కౌంటీ, కౌంటీ ముఖ్యపట్టణం, 9,000 జనాభా దాటిన ప్రతి నగరం, 500 దాటిన మిగతా వాటిలో కనీసం సగం ఒప్పుకోవాలి. ఒప్పందం లేకపోతే రాష్ట్ర గ్రాంట్లు, రుణాలు, పర్మిట్లు ఆగిపోతాయి. దానిలోని అసలు సూత్రం మీకు పనికొస్తుంది: ప్రధానంగా నగరాల బయటి ప్రాంతానికే చేసే సేవకు ఆ ప్రాంతం నుంచి వచ్చే ఆదాయమే వాడాలి. నగరవాసి తన పోలీసుకు ఒకసారి, బయటి గస్తీకి ఒకసారి, రెండుసార్లు కట్టకూడదని.

అక్కడ కౌంటీ, నగరాలు పంచుకునే 1 శాతం లోకల్ ఆప్షన్ సేల్స్ ట్యాక్స్ వాటాలను ప్రతి జనాభా లెక్కల తర్వాత మళ్లీ బేరమాడాలి. 2012లో, 2022లో జరిగింది. గడువులోగా కొత్త వాటాల సర్టిఫికెట్ దాఖలు చేయకపోతే ఆ పన్నే ఆగిపోతుంది, ఇద్దరికీ సున్నా. ప్రతిష్టంభనలో జడ్జి ఒక పక్షం ప్రతిపాదనను యథాతథంగా ఎంచుకునే ఏర్పాటు 2010లో పెట్టారు. 2013లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, పన్ను పంచడం న్యాయస్థానం పని కాదని. కాబట్టి మీ ఒప్పందంలో వివాదాన్ని ఎవరు తేలుస్తారో మీరే రాసుకోండి. కోర్టు చూసుకుంటుందిలే అనుకోవద్దు.

జవాబు 5: తూర్పుగాలి

మూడు నమూనాలు క్లుప్తంగా.

నార్త్ కరోలినాలో బేరమే లేదు. సేల్స్ ట్యాక్స్‌ను జనాభా లెక్కన పంచాలా, వేసిన ప్రాపర్టీ ట్యాక్స్ లెక్కన పంచాలా అన్నది కౌంటీ కమిషనర్లే ఏప్రిల్‌లో తీర్మానంతో తేలుస్తారు, మరుసటి ఆర్థిక సంవత్సరం నుంచి అమలు. నగరాలకు ఓటు లేదు. ప్రాపర్టీ ట్యాక్స్ పద్ధతిలో ఉన్న కౌంటీ తన పన్ను పెంచితే సేల్స్ ట్యాక్స్ వాటా కూడా పెరుగుతుంది. పక్కనున్న చిన్న ఊళ్ల బడ్జెట్ వాళ్ల ప్రమేయం లేకుండానే కుదుపుకు లోనవుతుంది.

మిన్నెసోటాలో మినియాపొలిస్-సెయింట్ పాల్ జంట నగరాల ఏడు కౌంటీల్లో 1971 చట్టం ఆదాయాన్ని కాదు, పన్ను మూలాన్నే (పన్ను పడే ఆస్తి విలువనే) పంచుతుంది. 1971 తర్వాత పెరిగిన వాణిజ్య, పారిశ్రామిక విలువలో 40 శాతం ఉమ్మడి పూల్‌కు వెళ్లి, జనాభా, ఆస్తి విలువల ఆధారంగా తిరిగి పంపిణీ అవుతుంది. మాల్ ఏ ఊళ్లో పడినా పక్క ఊరికి ఎంతోకొంత దక్కుతుంది కనుక దుకాణాల కోసం లాగులాట తగ్గుతుంది. కానీ రెండు సంస్థలు కాగితం రాసుకుంటే అయ్యే పని కాదది, శాసనసభ కావాలి.

వర్జీనియాలో షార్లట్స్‌విల్ నగరానికీ ఆల్బెమార్ల్ కౌంటీకీ మధ్య 1982 ఒప్పందం మీకు దగ్గరగా ఉంటుంది. నగరం విలీన హక్కు వదులుకుంది, బదులుగా పన్ను పంపకం. చెల్లింపుకు పైకప్పు కౌంటీ స్థిరాస్తి విలువలో ప్రతి 100 డాలర్లకు 10 సెంట్లు. 1987లో రాష్ట్రం నగర విలీనాలనే నిలిపేసింది. నగరం వాడుకోలేని హక్కుకు బదులుగా కౌంటీ చెల్లిస్తూనే ఉంది, ఎందుకంటే కాగితంలో ముగింపు తేదీ లేదు. చట్టం మారితే ఒప్పందం తిరిగి తెరవాలనే వాక్యం మీ కాగితంలో ఉండాలి.

కాలువగట్టు

బేస్ కౌంటీకి, ఇంక్రిమెంట్‌లో 40 శాతం నగరానికి అన్నదానికి కౌంటీ మెత్తబడేలా ఉంది. సేల్స్ ట్యాక్స్ దగ్గరే ఆగింది. సగానికి తక్కువకు ఒప్పించే దారి ఏదైనా ఉందా?

రసీదుపుస్తకం

శాతం తగ్గించమని అడగకండి, కాలంతో తగ్గేలా అడగండి. కౌంటీ నష్టం మొదటి ఏళ్లలో ఎక్కువ, ఇళ్లు వచ్చేకొద్దీ ఇంక్రిమెంట్‌లో దాని 60 శాతం పూడుస్తుంది. మీ అంకెలతోనే పదో ఏట అది 3,96,000, అంటే ఇప్పుడు పోయే 3 లక్షలకు మించి. అందుకని మొదటి మూడేళ్లు 50 శాతం, తర్వాత ఏటా 5 చొప్పున తగ్గించుకుంటూ ఎనిమిదో ఏటికి 25 దగ్గర ఆపండి. ఇళ్లు అనుకున్నంత వేగంగా కట్టకపోతే కౌంటీ భయపడుతుంది, కాబట్టి తగ్గింపును క్యాలెండర్‌కు కాకుండా అసెస్డ్ విలువకు ముడిపెట్టొచ్చు: విలువ 15 కోట్లు దాటేదాకా 50, దాటాక 40, 25 కోట్లు దాటాక 25. ఆడిటర్ ఏటా ఇచ్చే రోల్ అంకె ఇద్దరూ నమ్మేదే గనుక వాదన ఉండదు.

చెల్లింపు గడువు రాష్ట్రం త్రైమాసిక సర్దుబాటు పూర్తిచేసిన తర్వాత 45 రోజులు పెట్టండి. నెలవారీ అడ్వాన్సుల మీద పంచితే ప్రతి మూడు నెలలకూ వెనక్కి లెక్కలు తిప్పుకోవాలి. అలాగే నగరంలోని పాత దుకాణం ఒకటి ఈ 180 ఎకరాల్లోకి మారితే దాని పాత అమ్మకాల మీద కౌంటీకి వాటా లేదని ఒక వాక్యం. మారడానికి ముందు 12 నెలల సగటును మినహాయింపుగా పెట్టుకుంటే సరిపోతుంది.

ఆడిటర్‌బల్ల

ఒక చేర్పు. విలువతో మారే ఆ మెట్లను సేల్స్ ట్యాక్స్‌కే ఉంచండి, ప్రాపర్టీ ట్యాక్స్ శాతాల్లో పెట్టొద్దు. ఆడిటర్ సిస్టమ్‌లో ట్యాక్స్ రేట్ ఏరియాకు ఒక నిష్పత్తి ఎక్కించి వదిలేస్తారు. ఏటా మారేదైతే దాన్ని మీరు మీరు చెక్కుల రూపంలో సర్దుకోవాల్సిందే. ముసాయిదాను తీర్మానానికి పంపకముందే ఆడిటర్ ఆఫీసులో ఆ పని నిజంగా చేసే ఉద్యోగికి చూపించి, ఇది ఎక్కించగలరా అని అడగండి.